మన వాడిక వాళ్ళ పుట్టినరోజులు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, మధ్యాహ్నం జీవనోపాధుల మీద జరిగిన కార్యక్రమంలో, కుట్టుపని చేసే ఒక సంఘ సభ్యురాలు మాట్లాడినది. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

పొద్దుట నుంచి పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు విన్నాం. నన్ను "చిన్న వ్యాపారంలో వాడిక నిలబెట్టుకోవడం ఎలా" అన్న దాని మీద మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. మిషను మీద కూర్చుని చేసే పనిలో నాకు పనికొచ్చిన ఒక్క సంగతి చెబుతాను. మన దగ్గర కొనేవాళ్ళ పుట్టినరోజులు తెలుసుకోవడం, రాసుకోవడం, గుర్తుపెట్టుకోవడం. అంతే.

వెనక వరసలో నవ్వుతున్నారు. "ఎవరింట్లోనో పిల్లాడు కేకు కోసుకుంటే మనకేంటమ్మా" అని కదా. ఆ పిల్లాడు ఆ రోజు ఏం తొడుక్కుంటాడు, ఏం తింటాడు, ఎవరికి ఏం పంచుతాడు, వాళ్ళమ్మ తల్లో ఏం పూలు పెట్టుకుంటుంది అనేది ఆలోచించండి. అవన్నీ మనం చేసి అమ్మేవే.

వాయిదాకి ఆషాఢం లేదు

మనలో చాలామందిమి బ్యాంకు లింకేజీతోనో, స్త్రీనిధి అప్పుతోనో ఏదో ఒకటి పెట్టుకున్నవాళ్ళమే. ఒకరిది కుట్టుమిషను, ఒకరిది ఫ్యాన్సీ కొట్టు, ఒకరివి పాల గేదెలు. ఒకరు పచ్చళ్ళు పెడతారు, ఒకరు సున్నుండలు, అరిసెలు చేస్తారు, ఒకరు పూలు కడతారు. అప్పు తెచ్చేటప్పుడు మిషను ఎంత, గేదె ఎంత అని లెక్క వేసుకుంటాం. కొనేవాళ్ళెవరు, మళ్ళీ ఎప్పుడొస్తారు అనేది మాత్రం ఎక్కడా రాయం. దసరాకి, సంక్రాంతికి రాత్రి పన్నెండింటి దాకా కుట్టినా తెమలదు. మాఘంలో, వైశాఖంలో పెళ్ళిళ్ళ జాకెట్లు ఉంటాయి. ఆషాఢం వచ్చిందా, మూఢం వచ్చిందా, మిషను మీద గుడ్డ కప్పుకోవడమే. వాయిదాకి మాత్రం ఆషాఢం లేదు. నెల తిరిగితే కట్టాలి.

పుట్టినరోజులకి కూడా ఆషాఢం లేదు. మూఢం ఉందని పుట్టడం ఎవరూ ఆపుకోరు కదా. నేను కుట్టే ఇళ్ళు తొంభై దాకా ఉన్నాయి. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 360 మంది. అంటే సుమారుగా రోజుకొకరి పుట్టినరోజు. అందరూ గుడ్డలు కుట్టించరు, సరే. అందులో పదేళ్ళ లోపు పిల్లలు ఎనభై మంది అనుకుందాం. నెలకి ఆరేడుగురు. గౌనుకి కుట్టుకూలి 300 వేసుకుంటే ఏడు గౌన్లకి 2,100. పని లేదనుకున్న నెలలో ఆ 2,100 మన చేతికి వస్తుందా, అవనిగడ్డ రెడీమేడ్ కొట్టుకి పోతుందా అన్నది, ఆ తేదీ మనకి ముందు తెలిసిందా లేదా అన్న దాని మీద ఉంది.

ముందు అనే మాట గమనించండి. పుట్టినరోజు నాడు తెలిస్తే "శుభాకాంక్షలు" అని చెప్పడానికి పనికొస్తుంది, కుట్టడానికి పనికిరాదు. అప్పటికే వాళ్ళమ్మ బందరు వెళ్ళి కొనేసి ఉంటుంది. లేకపోతే ఫోన్లో ఆర్డరు పెట్టేసి ఉంటుంది. ధరలో ఆ కొట్లతో మనం పోటీ పడలేం. వాళ్ళు వందల లెక్కన తెస్తారు. మన దగ్గర ఉన్నది, వాళ్ళ దగ్గర లేనిది ఒకటే. ఆ ఇంట్లో పాప పేరు మనకి తెలుసు. పోయినేడు చేతులు బిగుతయ్యాయని ఏడ్చిందని తెలుసు. జరీ గుచ్చుకుంటే ఒప్పుకోదని తెలుసు.

వెనకటి రోజుల్లో ఊళ్ళో మంత్రసాని ఉండేది. ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ రాత్రి పుట్టిందో, వాన పడుతోందో లేదో, దీపం ఆరిపోయిందో లేదో అన్నీ చెప్పేది. ఒక్క అక్షరం రాదు ఆవిడకి. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలో అవుతున్నాయి, మంచిదే, తల్లీ బిడ్డా బతుకుతున్నారు. కానీ ఊరందరి పుట్టుకా ఒక మనిషి తలలో ఉండటం అనేది పోయింది. ఆ జాగాలోకి ఇప్పుడు ఫోను కంపెనీలు, పెద్ద పెద్ద కొట్లు వచ్చి కూర్చున్నాయి. మన పుట్టినరోజు మనకంటే ముందు వాళ్ళకి గుర్తుంటోంది.

అడగడం ఎలా

తేదీ అడగడానికి ఒక తీరు ఉంటుంది. కొట్టుకి వచ్చిన మనిషిని పట్టుకుని "మీ పుట్టినరోజెప్పుడండీ" అంటే, "ఈవిడకెందుకు" అనుకుంటారు. పెద్దవాళ్ళయితే వయసు అడిగినట్టు నొచ్చుకుంటారు. తేదీ దానంతట అదే బయటికి వచ్చే సందర్భం మన పనిలోనే ఉంటుంది.

కొలతలు తీసుకునేటప్పుడు "ఎప్పటికి కావాలి వదినా" అని అడుగుతాం కదా. "పన్నెండో తారీకు లోపు ఇచ్చెయ్యి, పద్నాలుగున పాప పుట్టినరోజు" అంటుంది. అయిపోయింది, అదే తేదీ. ఆర్డరు చీటీ మీద ఇచ్చే తేదీ పక్కన "పు.రో. 14" అని రాసుకుంటే చాలు. పాలు పోసేవాళ్ళయితే "రేపొక అర లీటరు ఎక్కువ పొయ్యి, పాయసం వండాలి" అన్న మాటలో దొరుకుతుంది. పూలవాళ్ళకి "గుళ్ళో పేరున పూజ చేయిస్తున్నాం" అన్నప్పుడు దొరుకుతుంది. చర్చిలో ఆదివారం నాడు ఆ వారం పుట్టినరోజుల వాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు, అక్కడ వింటే తెలుస్తుంది. ఫ్యాన్సీ కొట్టు చెల్లెళ్ళకి ఇంకా తేలిక. బడికి పంచడానికి చాక్లెట్ల ప్యాకెట్ కొనే పిల్లాడు వాడి పుట్టినరోజు వాడే చెబుతాడు, ఆపమన్నా ఆపడు.

బారసాలలు, అన్నప్రాసనలు కూడా వదలకండి. మన ఇళ్ళలో ఎక్కువగా ఇరవై ఒకటో రోజు బారసాల చేస్తారు. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే పుట్టిన తేదీ దొరుకుతుంది. ఇంకో పదకొండు నెలల్లో మొదటి పుట్టినరోజు. ఏ ఇంట్లోనయినా అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టేది ఆ పుట్టినరోజుకే. పట్టులంగా ఆర్డరు, సున్నుండల ఆర్డరు ఏడాది ముందే మన పుస్తకంలో ఉన్నట్టు లెక్క.

రాయడం ఎలా

పేర్ల వరసలో రాస్తే పనికిరాదు. నెలల వరసలో రాయాలి. నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. నెలకి రెండేసి పేజీలు వదలండి. జనవరి, ఫిబ్రవరి అని పైన రాయండి. ఎడం పక్క 1 నుంచి 31 దాకా అంకెలు వేయండి. ఒక్కో తేదీకి ఎదురుగా నాలుగు సంగతులు చాలు.

మొదటిది, పేరు. బడి పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. రెండోది, ఇల్లు. చెరువు గట్టు మీద రెండో ఇల్లు, రేషను కొట్టు పక్క ఇల్లు అని మనకి తెలిసేట్టు. మూడోది, పోయినసారి ఏం చేయించుకున్నారు. నాలుగోది, వాళ్ళకి నచ్చింది, నచ్చనిది. "తీపి తక్కువ", "నెట్ గుడ్డ వద్దు", "తాతగారికి షుగరు" ఇలాంటివి. ఈ నాలుగో గడి చాలా ముఖ్యం. తేదీ ఎవరికయినా దొరుకుతుంది. ఈ గడిలోది మనకి మాత్రమే తెలుస్తుంది.

అక్షరాలు రాని అక్కలు ఏం చేయాలి? ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి. గోడ క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర బొమ్మ వేసుకున్నా చాలు. గౌను బొమ్మ అంటే ఆడపిల్ల, చొక్కా బొమ్మ అంటే మగపిల్లాడు. కాకపోతే డిసెంబరు చివర కొత్త క్యాలెండరు రాగానే ఆ బొమ్మలన్నీ దాని మీదకి ఎక్కించాలి. పాతది పారేశాక ఏడిస్తే లాభం లేదు.

ఫోన్లో కూడా పెట్టుకోండి. క్యాలెండరులో ఒకసారి వేసి, ప్రతి ఏడూ గుర్తుచేయమని పెడితే అదే మోగుతుంది. తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది కూడా. కానీ పుస్తకం మానకండి. ఫోను నీళ్ళలో పడుతుంది, పిల్లలు ఆటలాడుతూ చెరిపేస్తారు. పుస్తకం తడిస్తే ఫోను ఉంటుంది, ఫోను పోతే పుస్తకం ఉంటుంది. మన సంఘం లెక్కలు పాస్ పుస్తకంలోనూ, మినిట్స్ పుస్తకంలోనూ రెండు చోట్ల ఎందుకు ఉంచుతున్నామో ఇదీ అందుకే.

ఒక మనిషికి రెండు పుట్టినరోజులు

తేదీలు రాయడం మొదలుపెడితే ఒక తికమక వస్తుంది. మన ఊళ్ళలో చాలామందికి రెండు తేదీలుంటాయి. ఒకటి కాగితం తేదీ, ఒకటి కన్న తేదీ. నలభై దాటిన వాళ్ళ ఆధార్ కార్డులు చూడండి. జనవరి ఒకటి, లేకపోతే జూలై ఒకటి. బళ్ళో వేసేటప్పుడు మేష్టారు లెక్క సరిపోవడానికి ఒక తేదీ వేశారు. బడికి వెళ్ళని వాళ్ళకి కార్డు తీసేటప్పుడు వయసు అడిగి సంవత్సరం వేశారు. జనవరి ఒకటిన ఊళ్ళో సగం మంది ఫోన్లు టింగుమంటాయి, బ్యాంకు నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు అని. బ్యాంకు మేడమ్ గారూ, ఏమీ అనుకోవద్దు. మాకు ఆ మెసేజ్ చూస్తే నవ్వొస్తుంది.

మనం అడగాల్సింది కన్న తేదీ. పెద్దవాళ్ళకి అంకె తెలియకపోయినా గుర్తు తెలుస్తుంది. మన దివిసీమలో "ఉప్పెన వచ్చిన పదో రోజు పుట్టాను" అంటారు. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పదో రోజంటే నవంబరు 29. "పుష్కరాల్లో మా అమ్మకి నొప్పులొచ్చాయి" అంటే కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016. వయసుని బట్టి ఏ పుష్కరమో తెలిసిపోతుంది. "ఎండాకాలం తుఫాను నాడు" అంటే 1990 మే నెల. "ఊడ్పుల్లో", "కుప్పలు వేసేటప్పుడు" అని చెబితే నెల దాకా తెలుస్తుంది, అంతవరకు రాసుకోండి.

కొందరు తిథి ప్రకారం చేసుకుంటారు. కార్తీక శుద్ధ నవమి అనో, శ్రావణ పౌర్ణమి అనో చెబుతారు. ఆ తిథి ప్రతి ఏడూ ఒకే తేదీన రాదు. మన నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏడాదికి పదకొండు రోజుల చొప్పున ముందుకొస్తుంది. అధికమాసం పడిన తర్వాత మళ్ళీ పంతొమ్మిది, ఇరవై రోజులు వెనక్కి పోతుంది. కాబట్టి తిథి వాళ్ళని పుస్తకం చివర వేరే పేజీలో రాయండి. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చినప్పుడు ఆ పేజీ ముందు పెట్టుకుని, ఆ ఏడాది తేదీలు పెన్సిలుతో వేసుకోండి. మరుసటేడు చెరిపి మళ్ళీ వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ రెండు తేదీల్నీ కలిపేయకూడదు. అప్పు కాగితాల్లో, బీమా కాగితాల్లో కార్డులో ఉన్న తేదీయే రాయాలి. జీవన్ జ్యోతి బీమాలో చేరడానికి 18 నుంచి 50 ఏళ్ళు, సురక్షా బీమాకి 18 నుంచి 70 ఏళ్ళు. ఆ వయసు కార్డులోనిదే చూస్తారు. ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకొకటి ఉంటే, మనిషి పోయిన తర్వాత ఆ పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. పుట్టినరోజు పుస్తకం ప్రేమ కోసం, వ్యాపారం కోసం. దాన్ని చూసి సర్కారు కాగితాలు నింపకండి.

గుర్తు ఉండాలంటే

పుస్తకంలో ఉన్నది వేరు, తలలో ఉన్నది వేరు. దారిలో ఎదురైన మనిషిని చూడగానే తట్టాలి. పుస్తకం తీసి చూసి చెప్పిన మాటకి అంత విలువ ఉండదు.

మనకి ఎప్పుడూ గుర్తుండే తేదీలు కొన్ని ఉన్నాయి. జనవరి 26, ఆగస్టు 15, సెప్టెంబరు 5, అక్టోబరు 2, నవంబరు 14, క్రిస్మస్, సంక్రాంతి. కొత్త తేదీని వీటిలో ఒకదానికి ముడేయండి. పాప పుట్టినరోజు ఆగస్టు 12 అయితే "జెండా పండగకి మూడు రోజుల ముందు". బాబుది అక్టోబరు 4 అయితే "గాంధీ జయంతి వెళ్ళిన రెండో రోజు". నవంబరు 17 అయితే "పిల్లల పండగ అయిన మూడు రోజులకి". అంకె జారిపోతుంది, ముడి జారదు.

ఇంకొకటి, మన ఇంట్లో వాళ్ళకి ముడేయడం. "ఆవిడ మా చిన్నోడి కంటే రెండు రోజులు పెద్ద తారీకు" అనుకుంటే మరిచిపోం. నెల మొదటి తేదీన ఆ నెల పేజీ ఒకసారి పైకి చదవండి. ప్రతి సోమవారం ఆ వారం పేర్లు మళ్ళీ చదవండి. వాకిలి ఊడుస్తూ, ముగ్గు వేస్తూ మనసులో అనుకోండి. మూడు నెలలు అలా చేస్తే పుస్తకం పని తగ్గిపోతుంది. పాటలు, సామెతలు, గోత్రాలు ఎన్ని గుర్తుపెట్టుకోలేదు మనం! తిరగలి విసురుతూ వందల పాటలు నోటికి పాడిన వాళ్ళ కూతుళ్ళం.

ఎప్పుడు ఏం చేయాలి

ప్రతి పనికీ దాని గడువు ఉంది. కుట్టుపని వాళ్ళు ఇరవై రోజుల ముందు కదలాలి. "పాప పొడుగైంది, కొలతలు ఒకసారి చూద్దామా" అంటే చాలు. అవసరం ఉంటే తెస్తారు. పచ్చళ్ళు, పిండివంటల వాళ్ళు వారం ముందు. అరిసెలకి బియ్యం నానాలి కదా. పూల వాళ్ళు రెండు రోజుల ముందు. పాల వాళ్ళు ముందు రోజు సాయంత్రం.

పుట్టినరోజు నాడు మాత్రం సరుకు మాట ఎత్తకూడదు. ఆ రోజు మన నోటి నుంచి ఒక్క మంచి మాటే రావాలి. "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని చెప్పి వచ్చేయండి. శుభాకాంక్షలు చెప్పి వెంటనే "కొత్త రకాలు వచ్చాయి, చూస్తారా" అన్నామా, ఆ మంచి మాట కూడా అమ్మకం కోసమే అని తేలిపోతుంది. పట్నం కొట్ల మెసేజ్ అలాగే ఉంటుంది, పైన కేకు బొమ్మ, కింద ఇరవై శాతం తగ్గింపు. వాళ్ళలాగా మనం చేస్తే వాళ్ళే మనకంటే బాగా చేస్తారు.

కానుక ఇవ్వాలా అని అడుగుతారు. ఖరీదైంది అక్కర్లేదు. నేను గుడ్డలో మిగిలిన ముక్కతో జడకి రిబ్బను కుడతాను. అదే గౌను రంగు కదా, పిల్లలు మురిసిపోతారు. పాల చెల్లెలు ఒక గిద్దెడు ఎక్కువ పోస్తుంది. పూల అక్క ఒక మూర కలుపుతుంది. అంతకు మించి ఇస్తే మనకీ గిట్టదు, తీసుకున్న వాళ్ళకీ మొహమాటం.

పెద్దవాళ్ళని మర్చిపోకండి. అరవయ్యో ఏడు నిండితే షష్టిపూర్తి చేస్తారు, ఆ ఆర్డర్లు సరే. నేనంటున్నది డెబ్భై దాటి ఒంటరిగా ఉన్న మామ్మల సంగతి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. వాళ్ళ దగ్గర మనకి అమ్మకం ఉండదు. అయినా వాళ్ళ తేదీ రాసుకోండి. భర్త పోయిన ఆడవాళ్ళకి పుట్టినరోజు ఏంటి అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు పుట్టలేదా? పొద్దున్నే వెళ్ళి "మామ్మగారూ, ఇవాళ మీ రోజు కదా" అని పలకరించండి. ఆ మాటకి ఆర్డరు రాదు. కానీ ఊళ్ళో మనం ఎలాంటి మనుషులమో అక్కడే తేలుతుంది.

చేయకూడని పనులు

ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

ఒకటి, మన అమ్మకం కోసం ఎవరినీ అప్పులోకి దింపకూడదు. మన దగ్గర కొనేవాళ్ళలో సగం మంది మన సంఘం సభ్యులే. పిల్లాడి పుట్టినరోజుకి పందిరి, పెద్ద కేకు, ఫ్లెక్సీ, నలభై మందికి బిర్యానీ అని మొదలై, అంతర్గత అప్పు కావాలని సమావేశంలో అడుగుతారు. ఆ అప్పు తీర్మానం మీద సంతకం పెట్టేది మనం, ఆ పుట్టినరోజుకి గౌను కుట్టేది మనం. మనకి లాభమే కదా అని ఊరుకుంటే, రేపు ఆవిడ వాయిదా ఆగితే సంఘం మొత్తం ఆగుతుంది. పంచసూత్రాల్లో సకాలంలో తిరిగి చెల్లించడం ఒకటి అని మనమే చెబుతున్నాం కదా. "వదినా, ఉన్న పట్టులంగాకి కొత్త జాకెట్టు కుడతాను, బాగుంటుంది, లంగా అంచు కూడా విప్పి పొడుగు చేస్తాను" అని చెప్పండి. మనకి రెండొందలు తగ్గుతాయి. మనిషి మాత్రం ఉంటుంది.

రెండు, పిలిచే ముందు ఆ ఇంటి సంగతి కనుక్కోండి. ఏడాదిలో ఆ ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఆ ఏడు వాళ్ళు ఏ వేడుకా చేసుకోరు. పుస్తకంలో ఆ పేరు పక్కన "ఈ ఏడు వద్దు" అని రాయండి. కొన్ని పేర్లు అంతకంటే బరువైనవి. పసిబిడ్డ పోయిన ఇల్లు ఉంటుంది. ఆ తేదీ వచ్చినప్పుడు మిషను పంపే మెసేజ్‌కి తెలియదు, అది "హ్యాపీ బర్త్‌డే" అని పంపేస్తుంది. ఆ తల్లి ఆ రోజు ఫోను చూసి ఏమవుతుందో మనకి తెలుసు. మన పుస్తకంలో ఆ పేరు కొట్టేయకండి. పక్కన చిన్న చుక్క పెట్టండి. ఆ రోజు ఆవిడ దగ్గర పని మాట ఎత్తకుండా, కాసేపు కూర్చుని రండి. తేదీ గుర్తుపెట్టుకోవడం అంటే ఎప్పుడు వెళ్ళి పలకాలో, ఎప్పుడు వెళ్ళి ఊరికే కూర్చోవాలో తెలియడం.

మూడు, తేదీ అనేది వాళ్ళ సొత్తు. మనల్ని నమ్మి చెప్పారు. పుట్టిన సంవత్సరం రాయకండి. పిల్లలకయితే ఏ తరగతో రాసుకుంటే సైజు తెలుస్తుంది, పెద్దవాళ్ళకి ఆ అవసరమే లేదు. ఎందుకంటే ఇంటర్నెట్ నుంచి దించుకునే ఆధార్ కాగితం తెరవడానికి పెట్టిన తాళం ఏంటో తెలుసా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. చాలామంది ఏటీఎం కార్డు నంబరు కూడా పుట్టిన ఏడే పెట్టుకుంటారు. పేరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ, సంవత్సరం నాలుగూ ఒకే చోట రాసి ఉన్న పుస్తకం దొంగ చేతిలో పడితే, మనం తొంభై ఇళ్ళ తాళాలు ఇచ్చినట్టే. ఆధార్ జిరాక్సులు అసలు తీసుకోవద్దు. పుస్తకం కొట్టులో బల్ల మీద వదలొద్దు. ఎవరయినా వచ్చి "మీ కస్టమర్ల లిస్టు ఇవ్వండి, డబ్బులిస్తాం" అంటే గుమ్మం చూపించండి. ఒకరి వివరాలు వాళ్ళ ఒప్పుకోలు లేకుండా వాడకూడదని 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది.

అలాగే మన సభ్యులకి వచ్చే ఫోన్లు. "మీ పుట్టినరోజు కదా, మీకు బహుమతి వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని అడుగుతారు. తేదీ సరిగ్గా చెప్పారు కాబట్టి నిజమే అనుకుంటాం. మన తేదీ తెలిసినంత మాత్రాన మనవాళ్ళు కారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు ప్రతి సంఘంలో గోడ మీద రాయించండి.

మన పుట్టినరోజుల మాటేంటి?

కస్టమర్ల సంగతి ఇంత చెప్పుకున్నాం. మన సంఘంలో పక్కన కూర్చున్న ఆవిడ పుట్టినరోజు మనకి తెలుసా? పదేళ్ళుగా ఒకే చాప మీద కూర్చుని పొదుపు కడుతున్నాం. ఆవిడ అప్పు ఎంతో పైసాతో సహా తెలుసు. ఎప్పుడు పుట్టిందో తెలియదు.

మా సంఘంలో ఈ మాట వచ్చి, పన్నెండు మందినీ అడిగాం. ఏడుగురు చెప్పారు. ముగ్గురికి నెల వరకే తెలుసు. ఇద్దరికి అసలు తెలియదు, వాళ్ళని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పిల్లల తేదీలు, భర్త తేదీ, మనవళ్ళ తేదీలు అన్నీ గడగడా చెబుతారు. తమది అనేసరికి "నాదెందుకులేమ్మా" అంటారు. ఆ ఇద్దరినీ మీకు ఇష్టమైన రోజు మీరే ఎంచుకోండి అన్నాం. ఒకావిడ పెద్ద కూతురు పుట్టిన రోజే తనదన్నది. "ఆ రోజు నేనూ మళ్ళీ పుట్టానులే" అంది. ఇంకో ఆవిడ సంక్రాంతి ముందు రోజు కావాలంది, ఆ రోజయితే పిల్లలు ఊళ్ళో ఉంటారని. ఇప్పుడు ప్రతి నెలా మొదటి సమావేశంలో, పొదుపు వసూలుకి ముందు, ఆ నెలలో పుట్టిన వాళ్ళ పేర్లు చదువుతున్నాం. ఖర్చు లేదు. కేకు లేదు. పేరు చదువుతాం, అందరం చప్పట్లు కొడతాం, పేరున్న ఆవిడ ఆ రోజు ముందు వరసలో కూర్చుంటుంది. హాజరు కూడా బాగుంటోంది. నా పేరు చదివే నెలలో నేను రాకుండా ఎలా ఉంటాను?

దీని వల్ల వ్యాపారానికీ మేలు జరిగింది. ఒకరి పుస్తకం ఒకరికి చూపించం, అది నియమం. కానీ కుట్టు ఆర్డరు ఇచ్చిన ఇంటావిడే "పిండివంటలు ఎవరు చేస్తారు" అని అడిగితే మన సంఘం చెల్లెలి పేరు చెబుతాం. పూలు అడిగితే పూల అక్క పేరు చెబుతాం. ఒక పుట్టినరోజుకి ఇంటి దగ్గరే నలుగురు ఆడవాళ్ళకి పని దొరుకుతోంది. ఆ డబ్బు ఊళ్ళోనే తిరుగుతోంది.

చివరగా, వచ్చే ఏడాదికి మూడు పనులు తీర్మానం చేయమని సభని కోరుతున్నాను. వ్యాపారం చేసే ప్రతి సభ్యురాలూ ఈ నెల లోపల ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాలి. పది పేర్లతో మొదలుపెట్టినా చాలు. ప్రతి సంఘం సభ్యుల పుట్టినరోజుల పట్టీ ఒకటి, రోజూ నెలా మాత్రమే ఉండేట్టు, మినిట్స్ పుస్తకం చివరి పేజీలో రాసుకోవాలి. మూడోది, పుట్టినరోజు ఖర్చు కోసం అంతర్గత అప్పు అడిగితే ఎంతవరకు ఇవ్వాలో ప్రతి గ్రామ సంఘం కూర్చుని ఒక హద్దు పెట్టుకోవాలి. మూడోది కష్టం, నాకు తెలుసు. ఎవరింటి సంబరం వాళ్ళిష్టం అంటారు. కానీ సంబరం ఒక్క రోజు, వాయిదా ఇరవై నాలుగు నెలలు.

ఇవాళ పుట్టినరోజున్న వాళ్ళెవరయినా ఈ సభలో ఉంటే దయచేసి చెయ్యెత్తండి. ఇంతమందిమి ఉన్నాం, ఒకరయినా ఉండే ఉంటారు.